బతకడానికి ఒక సిద్ధాంతం: దాన్ని ఎంచుకోవడం ఎలా?

తమకు ఏ సిద్ధాంతమూ లేదనుకునేవారికి కూడా ఒక సిద్ధాంతం ఉంటుంది. కాకపోతే అది వాళ్లు ఎంచుకున్నది కాదు. గోదావరి డెల్టాలో, ఒకరి గడపలో జరిగింది మరొకరికి సాయంత్రానికల్లా తెలిసిపోయే ఊళ్లలో, చాలా ఇళ్లను నడిపించే సిద్ధాంతం "నలుగురూ ఏమనుకుంటారో" అన్నదే. పెళ్లిలో ఎన్ని రకాలు వడ్డించాలో, సంక్రాంతికి అల్లుడికి ఏం పెట్టాలో, ఇల్లు ఎన్ని అంతస్తులు లేపాలో అదే నిర్ణయిస్తుంది. అది పూర్తిగా చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే తాగి భార్యను కొట్టబోయేవాడి చేతిని కొన్నిసార్లు ఆపేది ఆ భయమే. అయితే అప్పు, వాటా, వృత్తి, తల్లిదండ్రుల బాధ్యత వంటి విషయాల్లో అది చెప్పే జవాబు మనకు మేలు చేస్తుందన్న హామీ లేదు. ఆలోచించి సొంతంగా ఒక సిద్ధాంతాన్ని ఎంచుకోదలచినవారు చేయవలసిన పనిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఇందుకు ఒక నోటుపుస్తకం, ఒక పంటకాలం చాలు.

1. ఇప్పుడు దేని ప్రకారం నడుస్తున్నారో ముందు రాయండి

పుస్తకాలు చదవడంతో మొదలుపెట్టవద్దు. గత ఏడాది తీసుకున్న నిర్ణయాల్లో ఇప్పటికీ మనసులో మెదులుతున్న నాలుగైదింటిని ఎంచుకుని, ఒక్కొక్కదాని కింద మూడు వాక్యాలు రాయండి: ఏం చేశారు, పైకి ఏ కారణం చెప్పారు, అసలు కారణం ఏమిటి. రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ తేడా ఉన్న చోటే మీ అసలు సిద్ధాంతం బయటపడుతుంది.

ఇంట్లో పెళ్లినాటి చదివింపుల పుస్తకం ఉంటే దాన్ని కూడా తీయండి. పందిట్లో ఒక మూల బల్ల వేసుకుని, లెక్కలో గట్టివాడైన బంధువు ఒకడు ఇంటిపేరు, ఊరు, మొత్తం అని వరుసగా రాసిన ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి బీరువాలో దాచుకుంటాం. అవతలివారింట శుభకార్యం వచ్చినప్పుడు పేజీలు తిప్పి, వాళ్లు వెయ్యినూటపదహార్లు చదివించి ఉంటే మనం అంతకు తగ్గకుండా చూసుకుంటాం. ఇందులో ఒక నీతి ఉంది: పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి, కొంచెం కలిపి ఇవ్వాలి. పెద్ద ఖర్చు మీద పడిన ఇంటికి ఊరంతా తలో చెయ్యి వేసే ఏర్పాటుగా అది మంచిదే. కానీ తిరిగి ఇవ్వలేనివాడు మెల్లగా శుభకార్యాలకు రావడం మానేస్తాడు. ఈ లెక్కతోనే మీరు తోబుట్టువులను, పాలేరును, చివరికి మొక్కుల పేరుతో దేవుణ్ని కూడా చూస్తున్నారా అన్నది పరిశీలించి, జవాబు ఏదైనా సరే రాసి పెట్టుకోండి.

2. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోండి

రాసిన పేజీలను రెండు రోజులు ఆగి చదివితే, మీ ఇబ్బంది మూడు ప్రశ్నల్లో ఒకదాని దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది: నా చేతిలో లేని విషయాల పట్ల ఎలా ఉండాలి? నాకు ఎంత ఉంటే చాలు? ఎదుటివారికి నేను ఏం బాకీ? ముందు ఒక్కదాన్నే పట్టుకోండి.

3. ఆ ప్రశ్నను ముందుగా ఆలోచించినవారి దగ్గరకు వెళ్లండి

మొదటి ప్రశ్న మీదైతే ప్రాచీన గ్రీకు, రోమన్ తత్వవేత్తల్లో ఒక వర్గమైన స్టోయిక్కులను, నిష్కామ కర్మను పక్కపక్కన పెట్టి చూడండి. స్టోయిక్కుల్లో ఎపిక్టెటస్ బానిసత్వం నుంచి విడుదలై బోధకుడైనవాడు. మార్కస్ ఆరీలియస్ క్రీ.శ. 161 నుంచి 180 వరకు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన చక్రవర్తి. ఒకే ఆలోచన అలాంటి ఇద్దరికీ పనికివచ్చింది: జరిగేది మన అధీనంలో లేదు, దాని పట్ల మన తీర్పు, మన నడవడి మాత్రమే మన అధీనంలో ఉన్నాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫానులో కొబ్బరి తోటలు నేలకూలిన రైతుకు ఈ మాట ఎలా వర్తిస్తుందో ఆలోచించండి. గాలి అతని అధీనంలో లేదు. పడిన చెట్లను లెక్క రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగికి నలభైని నలభై అని చెప్పడమా, డెబ్భై అని చెప్పడమా అన్నది అతని అధీనంలోనే ఉంది. స్టోయిక్కులు పట్టించుకునేది ఈ రెండోదాన్ని.

భగవద్గీత చెప్పే నిష్కామ కర్మ దీనికి దగ్గరగా ఉన్నా ఇదే కాదు. దాని బలమంతా పని చేయడం మీద ఉంటుంది. ఫలం మీద హక్కును వదులుకొమ్మంటుంది గాని పనిని వదలనివ్వదు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి, అరవై ఏళ్లు దాటిన మనిషి కూలిన తోటలో మళ్లీ మొక్క నాటడానికి ఈ ఆలోచన ఎక్కువ తోడ్పడుతుందని నా అభిప్రాయం. ఒక హెచ్చరిక మాత్రం అవసరం: గీతలో స్వధర్మం వర్ణంతో ముడిపడి ఉంది. పుట్టుక పనిని నిర్ణయించకూడదని నమ్మే పాఠకుడు, తన పని ఏమిటో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్నకు విడిగా జవాబు చెప్పుకున్న తర్వాతే దీన్ని స్వీకరించాలి.

ఎంత చాలు అన్న రెండో ప్రశ్నకు గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341–270) ఉన్నాడు. భోగలాలసుడని పేరు పడినా, అతను మెచ్చుకున్నది సాదా తిండిని, స్నేహితులను, భయం లేని మనసును; కోరికల్లో సహజమైనవి, అవసరమైనవి ఏవో వేరు చేసుకొమ్మన్నాడు. నాకు ఇంతకంటే పనికివచ్చేదిగా తోచేది జైనులు గృహస్థుకు చెప్పిన పరిగ్రహ పరిమాణం, ఎందుకంటే అది ఆశ వదులుకొమ్మని ఊరుకోకుండా, ఇంత భూమి, ఇంత ధనం, అంతకు మించి ఉంచుకోనని ముందుగానే హద్దు కట్టుకొమ్మంటుంది. వరిచేను చెరువుగా మార్చి రొయ్యలు వేసే ఆలోచనలో ఉన్నవారు ఆ హద్దును పెట్టుబడికి ముందే కట్టుకోవాలి. ఒక మంచి పంట వచ్చాక హద్దు దానంతటదే జరుగుతుంది, తెల్లమచ్చ వ్యాధితో చెరువు పోతే పోయినదాన్ని రాబట్టుకోవాలన్న ఆత్రంలో మళ్లీ జరుగుతుంది. అదీగాక ఉప్పునీరు పక్కవాడి చేలోకి ఊరితే, ఇది ఎంత చాలు అన్న ప్రశ్నగా మిగలదు; మూడో ప్రశ్నలోకి వెళ్లిపోతుంది.

మూడో ప్రశ్నను పరీక్షించడానికి డెల్టాలో కాలువ కంటే మంచి చోటు లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఎగువ చేనుకు నీరు ముందు, శివారు చేనుకు తర్వాత అన్నది ఇక్కడి ప్రతి ఊరి తగవు. వంతు కానప్పుడు రాత్రి పూట తూము ఎత్తి బోదెలోకి నీరు మళ్లించుకోవచ్చునా? జర్మన్ తత్వవేత్త కాంట్ (1724–1804) ప్రకారం, ఆ కాలువ మీది ప్రతి రైతూ అదే పని చేయాలని మీరు కోరగలరా అని అడగాలి; కోరలేరు, ఎందుకంటే అప్పుడు వంతు అన్నదే ఉండదు. ఎక్కువమందికి ఎక్కువ మేలు జరగాలన్న ఇంగ్లిష్ తత్వవేత్తలు బెంథామ్, మిల్‌ల వర్గం, ఎగువన మిగిలిన గింజలెన్ని, శివారున ఎండిన గింజలెన్ని అని లెక్క కడుతుంది. ఇక్కడ ఇద్దరి జవాబూ ఒకటే.

దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరు చాలని ఏడాది మాత్రం ఇద్దరూ విడిపోతారు. శివారు భూములకు నీరు ఆపేస్తే మొత్తం దిగుబడి పెరుగుతుందని లెక్క తేలితే, మేలు లెక్కించేవారు దానికి ఒప్పుకోక తప్పదు, పరిహారం గురించి మాట్లాడతారు గాని ఆపవద్దని అనలేరు. కాంట్‌ను అనుసరించేవాడు, శివారు రైతును ఇతరుల పంటకు సాధనంగా వాడుకోవడానికి అతని సమ్మతి ఏదని అడుగుతాడు. మీరు ఎటువైపు మొగ్గుతారో తెలుసుకోవాలంటే ముందు మీకు ఎగువన చేను ఉందనుకుని, తర్వాత శివారున ఉందనుకుని జవాబు రాయండి. రెండు జవాబులూ కలవకపోతే మీరు ఇంకా సిద్ధాంతం దాకా రాలేదు, మీ చేను దగ్గరే ఉన్నారు.

లెక్కలకు, నియమాలకు లొంగని మూడో దారి కూడా ఈ నేల మీద ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఆకలితో వచ్చినవారికి వేళ చూడకుండా అన్నం పెట్టారు. ఆమె ముందు పెట్టుకున్నది అర్హతల జాబితా కాదు, ఆకలిగొన్న మనిషి. ఇలాంటి దారి ఎంచుకునేవారికి చదువుకంటే ఓర్పు ఎక్కువ కావాలి.

దేవుడిపై నమ్మకం ఉండాలా లేదా అన్నదాని దగ్గర ఆగిపోనక్కరలేదు. కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలలో ఒకే దేవుణ్ని నమ్మే బ్రహ్మసమాజానికి చెందిన రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. తరువాతి కాలంలో అక్కడే అధ్యాపకుడిగా ఉన్న గోరా (గోపరాజు రామచంద్రరావు) తన నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంటరానితనాన్ని ఇద్దరూ వ్యతిరేకించారు.

4. ఏదో ఒకదాన్ని మీకు నిషేధించే వాక్యం రాయండి

ఎంచుకున్న ఆలోచనను మీ మాటల్లో ఒక్క వాక్యంగా మార్చండి. "ధర్మంగా బతుకుతాను" అన్న వాక్యం దేన్నీ నిషేధించదు కాబట్టి దాన్ని కొట్టేయండి. "నా వంతు కానప్పుడు తూము ముట్టను", "శుభకార్యానికి వడ్డీకి తెచ్చిన డబ్బు ఖర్చు పెట్టను", "మనిషి ఎదుట లేనప్పుడు, ఎదుట అనలేని మాట అనను" అన్నవి నిషేధిస్తాయి. వాక్యం చదవగానే మీకు కాస్త ఇబ్బందిగా అనిపించాలి.

5. ఖర్చు ఎవరి మీద పడుతుందో వారిని అడగండి

ఈ పనిని చాలామంది వదిలేస్తారు, ముఖ్యంగా మగవాళ్లు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, సంఘం వెలివేతకు దిగి వంటవాళ్లు కూడా రానప్పుడు, ఆ పనులు భుజాన వేసుకున్నది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. ఆమె ఇష్టపూర్వకంగానే ఆ భారం మోశారు. మీ ఇంట్లో అంతటి ఇష్టం ఉందో లేదో అడగనిదే తెలియదు. అప్పు చేసి ఆడపిల్లకు పెట్టుపోతలు జరపనని మీరు తీర్మానించుకుంటే, అత్తవారింట మాట పడవలసింది ఆ పిల్ల. వాక్యాన్ని ఇంట్లోవారికి చదివి వినిపించి, వాళ్ల అభ్యంతరాలను మధ్యలో అడ్డుపడకుండా రాసుకోండి. ఖర్చులో మీ వంతు తక్కువగా, వాళ్ల వంతు ఎక్కువగా కనిపిస్తే వాక్యాన్ని మార్చవలసిందే.

6. ఒక పంటకాలం ఆచరించి చూడండి

సార్వా (తొలి పంట) నాట్లు పడినప్పుడు మొదలుపెట్టి కోతల దాకా, అంటే సుమారు నాలుగైదు నెలలు, ఒక్క రంగంలోనే ఆచరించండి. వ్యవసాయం లేనివారు పిల్లల బడి ఏడాదిలో ఒక సగాన్ని తీసుకోవచ్చు. వారానికొకసారి రెండే విషయాలు రాయండి: వాక్యం మిమ్మల్ని ఎక్కడ ఆపింది, ఎక్కడ ఆపలేకపోయింది. ఆపలేకపోయిన సందర్భాలు ఎక్కువగా ఉంటే మీరు బలహీనులని వెంటనే తీర్మానించుకోవద్దు; వాక్యం మీ బతుకుకు సరిపడనిది కూడా కావచ్చు. మూడు వారాలు వరుసగా ఏమీ రాయడానికి లేకపోతే మాత్రం, అది మిమ్మల్ని ఏ నిర్ణయం దగ్గరా తాకడం లేదని అర్థం, మరింత గట్టిది రాయాలి.

ఇంట్లో మనిషి పోయిన నెలల్లోనూ, పంటో వ్యాపారమో మునిగిన వెంటనేనూ ఈ పని మొదలుపెట్టకండి. అప్పుడు కావలసింది మనుషుల తోడు, నిద్ర పట్టకపోతే వైద్యుడు. ఆ సమయంలోనే డబ్బు తీసుకుని జీవిత రహస్యం చెబుతామనేవాళ్లు కూడా వస్తారు, వారితో జాగ్రత్తగా ఉండండి.

7. మార్చేటప్పుడు తేదీ వేయండి

వాక్యాన్ని మార్చుకోవడంలో తప్పు లేదు, రెండు మార్గాలను కలుపుకోవడంలోనూ లేదు. కానీ ప్రలోభం ఎదురుగా ఉన్న రోజున మార్చకూడదు. తూము దగ్గర నిలబడి చేసిన సవరణకు విలువ లేదు. వేసవిలో కాలువలు కట్టేసి, పొలం పని తగ్గినప్పుడు నోటుపుస్తకం మొదటి నుంచి చదివి, మార్పు అవసరమైతే పాత వాక్యం కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఏ అనుభవం వల్ల మార్చారో రాసి, కొత్తదాన్ని కింద రాయండి. రాసిన కారణం ఇంట్లోవారికి చదివి వినిపించలేనిదైతే, పాత వాక్యాన్నే ఇంకో పంటకాలం కొనసాగించండి.