ప్రొజెక్టర్ సర్వీసింగ్: వీడియో సిగ్నల్ లెవెల్స్ ఎలా సెట్ చేయాలి?

మెయిన్ బోర్డు మార్చినా, సర్వీస్ మెమరీ చెరిగిపోయినా వీజీఏ (కంప్యూటర్ నుంచి వచ్చే అనలాగ్ వీడియో) ఇన్‌పుట్ లెవెల్స్ మళ్లీ సెట్ చేయక తప్పదు. పాటర్న్ జనరేటర్ (పరీక్ష బొమ్మలు పంపే పరికరం), ఆసిలోస్కోప్ (సిగ్నల్ వోల్టేజీని తెర మీద చూపేది), టీ కనెక్టర్ (సిగ్నల్‌ను రెండు దారులుగా చీల్చేది), పొట్టి కేబుల్ ఉంటే చాలు. జనరేటర్ బదులు ల్యాప్‌టాప్ వాడితే అందులో కలర్ ప్రొఫైల్, నైట్ మోడ్ తీసేయండి.

ల్యాంప్ వెలిగించి అరగంట ఆగండి. ఆటో ఐరిస్ (బొమ్మను బట్టి వెలుతురును దానంతటదే మార్చేది), డైనమిక్ కాంట్రాస్ట్ ఆపేసి, పిక్చర్ సెట్టింగులన్నీ రీసెట్ కొట్టండి. సర్వీస్ మెనూలోని పాత విలువలు ఫోటో తీసుకోండి. ఈ ఒక్క పని మానేసి తర్వాత తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ముందు వచ్చే సిగ్నల్ సంగతి తేల్చుకోవాలి. పూర్తి తెలుపు పాటర్న్ పెట్టి టీ దగ్గర స్కోప్‌తో కొలిస్తే, మూడు రంగుల్లోనూ నలుపు నుంచి తెలుపు వరకు 0.7 వోల్టు కనిపించాలి. 1.4 వోల్టు ఉంటే 75 ఓమ్ టెర్మినేషన్ (కేబుల్ చివర ఉండే రెసిస్టర్) తెగిపోయింది. 0.47 దగ్గర ఉంటే టెర్మినేషన్ రెండుసార్లు పడింది. ప్రొజెక్టర్ లోపలే 75 ఓమ్ ఉంటుంది కాబట్టి స్కోప్ దగ్గర ఇంకోటి తగిలించకూడదు. ఈ తేడాను మెనూలో గెయిన్ (తెలుపు స్థాయి సెట్టింగు) పెంచి కప్పిపుచ్చితే, వేరే సోర్స్ పెట్టగానే బొమ్మ పాడవుతుంది.

ఇక ఆఫ్‌సెట్ (నలుపు స్థాయి సెట్టింగు), గెయిన్. పని చెడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి. ముందు ఆఫ్‌సెట్, తర్వాతే గెయిన్. పూర్తి నలుపు తెర చూస్తూ ఆఫ్‌సెట్ తిప్పడం దండగ. ప్యానెల్ (బొమ్మ తయారుచేసే భాగం) లోంచి కొంత వెలుతురు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, అది ఎంత తగ్గించినా పోదు. పోగొట్టాలని చూస్తే ముదురు షేడ్లన్నీ నలుపులో మునిగిపోతాయి. 0, 2, 4 శాతం పట్టీలున్న పాటర్న్ పెట్టి, 0కీ 2కీ మధ్య గీత కనీకనిపించకుండా ఉన్నచోట ఆపండి. రెడ్, గ్రీన్, బ్లూ విడివిడిగా, ఆ ఒక్క రంగు పాటర్న్‌తోనే చేయాలి. గది చీకటిగా ఉండాలి, కళ్లు కూడా చీకటికి అలవాటుపడాలి.

గెయిన్‌కు 96, 98, 100 శాతం పట్టీలు వాడండి. 98, 100 కలిసిపోయేదాకా పెంచి, విడివడేదాకా వెనక్కి తీసుకురండి. తర్వాత గ్రే మెట్ల పాటర్న్ పెట్టి చూడండి. పూర్తి తెలుపు బాగానే ఉండి, దానికి కాస్త కింది మెట్టు ఎర్రగా కొడుతుంటే రెడ్ గెయిన్ ఎక్కువైంది: రెడ్ ముందే 255 (డిజిటల్ విలువల్లో గరిష్ఠం) తాకి ఆగిపోయింది, మిగతా రెండూ ఇంకా ఎక్కుతున్నాయి. పూర్తి తెలుపు దగ్గర మూడూ 255కి చేరతాయి కాబట్టి తప్పు కనబడదు. తెల్ల తెర ఒక్కటే చూసి "ఓకే" అనేవాళ్లకు ఇది ఎప్పటికీ దొరకదు.

గెయిన్ కదిపితే చాలా బోర్డుల్లో ఆఫ్‌సెట్ కూడా కొద్దిగా జరుగుతుంది. అందుకే మళ్లీ వెనక్కి వెళ్లి ఆఫ్‌సెట్ చూడాలి, మళ్లీ గెయిన్. రెండు మూడు విడతల్లో కుదురుకుంటుంది.

ఈ గెయిన్‌తో వైట్ బ్యాలెన్స్ మాత్రం దిద్దకండి. తెలుపు పసుపు కొడుతోందని ఇక్కడ బ్లూ పెంచితే బ్లూ క్లిప్ అవుతుందే (గరిష్ఠం దగ్గర ఆగిపోతుందే) తప్ప రంగు కుదరదు. దానికి ప్యానెల్ వైపు సర్దుబాట్లు వేరే ఉన్నాయి. మెనూలోని ఆటో కాలిబ్రేషన్ నొక్కాలంటే సర్వీస్ మాన్యువల్ చెప్పిన పాటర్న్‌తోనే. వేరేది పెట్టి నొక్కితే తప్పు విలువలే సేవ్ అవుతాయి. నా మటుకు నేను ఆటోను మొదటి అంచనాకే వాడతాను.

కాంపొనెంట్ ఇన్‌పుట్ ఉంటే అది విడిగా చేయాలి: అక్కడ వై (వెలుతురు) సిగ్నల్ సింక్‌తో (టైమింగ్ పల్స్‌తో) కలిపి 1 వోల్టు, మిగతా రెండూ (రంగు తేడా సిగ్నల్స్) సున్నాకి అటూఇటూ 0.35 వోల్టు. హెచ్‌డీఎంఐలో ఈ తతంగం లేదు, రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా వాడే అంకెలు) కలిస్తే చాలు. సోర్స్ 16–235, ప్రొజెక్టర్ 0–255 అయితే నలుపు బూడిదగా తేలిపోతుంది. అటుది ఇటైతే ముదురు, లేత షేడ్లు రెండూ కొట్టుకుపోతాయి. ఆటో వదిలేసి రెండు వైపులా రేంజ్ మీరే పెట్టండి.

సేవ్ చేసి, ఫ్యాన్ ఆగేదాకా ఉండి, ప్లగ్ తీసి, మళ్లీ వెలిగించి అదే పట్టీలు చూడండి. విలువలు నిలవకపోతే మెమరీ చిప్‌ను అనుమానించండి.