చిన్న పిస్టల్ కొనే ముందు: టెక్సస్‌లో కొత్తగా స్థిరపడుతున్న మనవాళ్లకి

పోయిన ఆదివారం షూటింగ్ రేంజ్‌లో మనవాడొకడు కనిపించాడు. గ్రీన్ కార్డు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. అరచేతిలో ఇమిడిపోయే పిస్టల్ ఒకటి తెచ్చుకున్నాడు. "చిన్నదైతే ఈజీ కదన్నా, అందుకే తీసుకున్నా" అన్నాడు. ఆరు రౌండ్లు కాల్చాడు. 7 గజాల దూరంలో ఉన్న కాగితానికి ఒకటే తగిలింది, అదీ అంచున. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కందిపోయింది. 50 తూటాల డబ్బాలో ఇంకా 44 ఉండగానే "ఇవాళ్టికి చాలన్నా" అని సర్దేశాడు. చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఏడేళ్ల కిందట నేను చేసిన పనీ అదే మరి.

అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒక మాట. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లు ఇది చదవండి, దుకాణానికి మాత్రం వెళ్లకండి. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్ చెప్పాలి, రూమ్మేట్ కాదు. "కొనట్లేదుగా, రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాలుస్తా" అంటారు కొందరు. చేతిలోకి తీసుకున్నారంటే మీ దగ్గర ఉన్నట్టే. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారిని సరదాగా రేంజ్‌కి తీసుకెళ్లి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. దండం పెడతాను, వద్దు. కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఈ ప్రశ్నలన్నీ ఉంటాయి, అందులో అబద్ధం రాస్తే అది మరో నేరం. గ్రీన్ కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికొచ్చినంత మాత్రాన గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు.

ఇక నా కథ. అప్పట్లో మా తోడల్లుడితో కలిసి ఒక గ్యాస్ స్టేషన్ చూసుకునేవాణ్ణి. రాత్రి పదకొండుకి డబ్బు లెక్కపెట్టి తాళం వేసేది నేనే. గ్రీన్ కార్డు వచ్చిన వారమే తుపాకుల దుకాణం కౌంటర్ దగ్గర నిలబడి అన్నిటికంటే తేలికైన .380 (అది తూటా సైజు) పిస్టల్ ఏదో చూపించమన్నాను. 300 గ్రాములు కూడా లేదు. జేబులో వేసుకుంటే ఉందన్న సంగతే తెలియదు. బేరం కుదిరిందన్న సంతోషంలో, కాల్చి చూడాలన్న ఆలోచనే రాలేదు.

మొదటి రోజే చెయ్యి వాచింది. రెండోసారి వెళ్లడానికి నెల పట్టింది. మూడోసారి వెళ్లినప్పుడు పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన కాసేపు చూసి, నా మ్యాగజైన్, అంటే తూటాలు నింపే డబ్బీ, అడిగి తీసుకున్నారు. నాకు చూపించకుండా రెండు డమ్మీ రౌండ్లు, అంటే పేలని ఉత్తుత్తి తూటాలు, మధ్యలో కలిపి ఇచ్చారు. రెండు పేలాయి. మూడోసారి ట్రిగర్ నొక్కితే టిక్ మంది, అంతే. పేలింది ఏమీ లేదు, అయినా పిస్టల్ మూతి దండం పెట్టినట్టు కిందికి వంగిపోయింది. నా కళ్లు మూసుకుని ఉన్నాయి. అంటే నేను లక్ష్యాన్ని చూడటం మానేసి చాలా రోజులైంది, రాబోయే దెబ్బ కోసమే ఎదురుచూస్తున్నాను. ఆ అలవాటు పోవడానికి ఆరు నెలలు పట్టింది. తుపాకీ మాత్రం సగం ధరకి పోయింది.

ఎందుకలా జరుగుతుందంటే, తూటా అదే, మందు అదే, తుపాకీ తేలికైన కొద్దీ వెనక్కి అంత వేగంగా తన్నుతుంది. పిడి పొట్టిగా ఉంటుంది కాబట్టి చిటికెన వేలు గాలిలో వేలాడుతుంది, పట్టు కుదరదు. పైనున్న రెండు గురి గుర్తుల మధ్య దూరం తక్కువ కాబట్టి చెయ్యి కాస్త కదిలినా కాగితం మీద బెత్తెడు తేడా వస్తుంది. జేబుకి హాయిగా ఉన్నది చేతికి హాయిగా ఉండదు. ఈ ఒక్క ముక్క ఎంతమందికి చెప్పినా, కౌంటర్ దగ్గరికి వెళ్లగానే మళ్లీ చిన్నదే పట్టుకుంటారు!

అర కిలో దగ్గర్లో బరువున్నవి చూడండి. 2018లో వచ్చిన సిగ్ సావర్ పీ365, 2019లో వచ్చిన గ్లాక్ 43ఎక్స్, రెండూ 9 ఎంఎం. మామూలు మ్యాగజైన్‌లో పదేసి రౌండ్లు పడతాయి. చేతుల్లో బలం తక్కువైతే, కీళ్ల నొప్పులుంటే, స్మిత్ అండ్ వెసన్ వాళ్ల .380 షీల్డ్ ఈజెడ్ చూడండి. ఈజీ అన్న పేరుకి తగ్గట్టే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం) సులువుగా వెనక్కి వస్తుంది, మ్యాగజైన్ నింపడం కూడా తేలిక. .380 అంటే మెత్తన అనుకుని ఏదో ఒకటి కొనేయకండి. వాల్తర్ పీపీకే లాంటి పాత పద్ధతి వాటిలో బ్యారెల్ (గొట్టం) కదలదు, స్లైడ్ బరువూ స్ప్రింగ్ బిగువే దెబ్బని ఆపాలి. అందుకే ఆ స్లైడ్ లాగాలంటే వేళ్లు నొప్పి పుడతాయి, కాలిస్తే చేతికీ గట్టిగానే తగులుతుంది. పైగా .380 తూటాలు చాలాసార్లు 9 ఎంఎం కన్నా ఖరీదు.

దుకాణంలో ఆడవాళ్లు నిలబడితే చాలు, "మేడమ్ చేతికి సరిపోతుంది" అని గులాబీ రంగు బుల్లి రివాల్వర్ ఒకటి తీస్తారు. మా ఆవిడ దాన్ని పక్కన పెట్టి, రేంజ్‌లో ఐదు రకాలు అద్దెకి తీసుకుని, ఒక్కోదానితో 20 రౌండ్లు కాల్చి, ఈజెడ్ ఎంచుకుంది. ఇప్పటికీ నాకన్నా ఆవిడ గురే బాగుంటుంది. ఈ మాట ఇంట్లో ఒప్పుకోను.

దాచుకోవడం కష్టమంటారా? బట్టల పైనుంచి కనబడేది బ్యారెల్ కాదు, పిడి. బ్యారెల్ ప్యాంటు లోపల ఉంటుంది, కాస్త పొడుగైనా ఫర్వాలేదు. గట్టి బెల్టు, ట్రిగర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (తుపాకీ ఒర), ఒక సైజు వదులు చొక్కా ఉంటే డాలస్ ఎండల్లో కూడా అర కిలోది దాగుతుంది. హోల్‌స్టర్ లేకుండా జేబులో, హ్యాండ్‌బ్యాగ్‌లో తాళంచెవుల పక్కన పడేసేవాళ్లతో నేను మాట్లాడను.

చట్టం సంగతులు మీరే చదువుకుంటారు, ముఖ్యమైనవి చెప్తాను. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అర్హత ఉన్నవాళ్లకి లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరిగే వీలుంది. అయినా ఎల్‌టీసీ (లైసెన్స్ టు క్యారీ) తీసుకోండి, వేరే రాష్ట్రాలకి వెళ్లినప్పుడు పనికొస్తుంది. గుమ్మాల దగ్గర తుపాకీతో లోపలికి రావద్దని చెప్పే 30.05, 30.06, 30.07 బోర్డులుంటాయి, దేని అర్థం తెలుసుకుని చదవండి. బార్లలో ఆదాయం సగానికి పైగా మద్యం నుంచేనని చెప్పే ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు ఉంటే లోపలికి వద్దు. ఇంట్లో పిల్లలుంటే తాళం ఉన్న పెట్టె తప్పనిసరి. తూటాలు నింపి ఉన్న తుపాకీ 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే కేసు మీ మీదే. బీరువా మీద పెడితే అందదు అనుకోకండి, మీరు చిన్నప్పుడు బీరువా మీంచి ఏమేం దించారో గుర్తు చేసుకోండి.

రేంజ్ బ్యాగ్‌తో ఇండియా ప్రయాణం చేయకండి. నేను ఒకే బ్యాగ్ రెండింటికీ వాడేవాణ్ణి. హైదరాబాద్ ఫ్లైట్‌కి రెండు రాత్రుల ముందు సర్దుతుంటే పక్క జేబులో ఒక తూటా దొరికింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లైసెన్స్ లేకుండా ఒక్క తూటాతో దొరికినా అక్కడ ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. శంషాబాద్‌లో "మర్చిపోయా సార్" అంటే వినరు.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. మొదటి రోజు గురి కుదరకపోవడం మీ తప్పు కాదు, చాలావరకు ఆ తుపాకీ సైజు తప్పు. సరైనది చేతికొస్తే, నెలకి రెండుసార్లు వెళ్లి 50 రౌండ్లు నెమ్మదిగా కాలిస్తే, మూడు నాలుగు నెలల్లో మామూలు మనిషికి కుదురుతుంది. నాకు కుదిరిందంటే ఎవరికైనా కుదురుతుంది.

మనవాడికి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం పదింటికి వస్తానన్నాడు. ఆ బుల్లిది ఇంట్లో పెట్టి రమ్మన్నాను, అద్దెకి మూడు రకాలు తీసుకుని వాడి చేతనే కాల్పిస్తాను. డమ్మీ రౌండ్లు నేను తెస్తాను, మిగతా తూటాల ఖర్చు వాడిదే.