వీల్‌బారో టైరులో గాలి నిలవడం లేదా? ముందు కారణం పట్టుకోండి

మట్టీ ఇటుకలూ మోసే తోపుడు బండి వీల్‌బారోకు ఉండేది సాధారణంగా ఒక్కటే చక్రం. దానిలో గాలి పోతే పని ఆగినట్టే. వెంటనే అందరూ పంక్చర్ అనుకుని ప్యాచ్ వెతుక్కుంటారు. కానీ ముల్లూ మేకూ దిగకుండానే గాలి పోయే దారులు ఈ చిన్న టైర్లలో చాలా ఉన్నాయి. కారణం తెలియకుండా ప్యాచ్ వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. తోటపని బండ్ల చక్రాలకూ ఇదే వర్తిస్తుంది.

లోపల ట్యూబ్ ఉందో లేదో ముందు చూసుకోవాలి. గాలి పూర్తిగా పోయినప్పుడు వాల్వ్‌ను వేలితో లోపలికి నెట్టండి. సులువుగా జరిగితే ట్యూబ్ ఉన్నట్టు. వాల్వ్ కింది రబ్బరు భాగం రిమ్ రంధ్రంలో బిగుతుగా కూర్చుని ఉంటే ట్యూబ్‌లెస్. టైరు మీద రాసి ఉన్నదాన్ని మాత్రమే నమ్మకండి, ట్యూబ్‌లెస్ టైరులోనూ ఎవరో ఒకరు ట్యూబ్ వేసి ఉండొచ్చు.

గాలి నిలుస్తోంది కానీ, కొన్నాళ్లకు దిగిపోతోంది

మొదట అనుమానించాల్సింది వాల్వ్ పిన్‌నే, అంటే వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న మరను. గాలి నింపి, వాల్వ్ మూతి మీద ఒక చుక్క సబ్బునీళ్లు వేయండి. బుడగ ఉబ్బితే పిన్ వదులైందన్నమాట. పిన్ బిగించే చిన్న పనిముట్టుతో కాస్త తిప్పితే చాలు. అప్పటికీ బుడగ వస్తే పిన్ మార్చండి. మూత పెట్టడం మరిచిపోవద్దు, మట్టి లోపలికి పోయి పిన్ సరిగా కూర్చోకపోవడం ఈ బండ్లకు మామూలే.

వాల్వ్ బాగానే ఉంటే టైరు, రిమ్ కలిసే అంచు చుట్టూ సబ్బునీళ్లు పోయండి. ట్యూబ్‌లెస్ చక్రానికి అక్కడ బుడగలు వస్తుంటే రిమ్‌కు తుప్పు పట్టి ఉంటుంది. టైరు విప్పి, తుప్పును గరుకు కాగితంతో నున్నగా రుద్ది, తుడిచి మళ్లీ ఎక్కించాలి. తుప్పు రిమ్‌ను తినేసి ఉంటే రుద్దడం వృథా. ట్యూబ్ వేద్దామన్నా ఆ గరుకు అంచు దాన్ని కోసేస్తుంది, కాబట్టి చక్రమే మార్చుకోండి.

పంపు కొడుతుంటే గాలి పక్కల నుంచి పోతోంది

ట్యూబ్‌లెస్ చక్రాలతో ఎక్కువ విసిగించేది ఇదే. గాలి తగ్గిన టైరు మీద బరువుతో బండిని చాలాకాలం వదిలేస్తే టైరు అంచు రిమ్ నుంచి ఊడి లోపలికి జారుతుంది. రంధ్రమేమీ ఉండదు, అయినా గాలి నిలవదు. చేతిపంపుతో ఎంత కొట్టినా లాభం ఉండదు, లోపలికి వెళ్లేదానికంటే బయటికి పోయేదే ఎక్కువ.

చక్రాన్ని బండి నుంచి విప్పండి. రిమ్ అంచులకు సబ్బునీళ్లు పూయండి. సామాను కట్టే బెల్టును టైరు నడినెత్తిన చుట్టూ వేసి బిగించండి. నడుమ నొక్కుకుని పక్కలు రిమ్ వైపు విచ్చుకుంటాయి. ఇప్పుడు వాల్వ్ పిన్ తీసేసి కంప్రెసర్‌తో గాలి పంపండి, పిన్ లేకపోతే గాలి వేగంగా వెళ్తుంది. అంచు పట్టుకోగానే బెల్టు వదులు చేయండి, అది ఉండగా గాలి పెంచకూడదు. తర్వాత పిన్ బిగించి, కావాల్సినంత గాలి నింపండి. మండే స్ప్రే లోపల కొట్టి నిప్పు పెట్టి టైరు ఎక్కించే పద్ధతి ఒకటి వీడియోల్లో కనిపిస్తుంది. దాని జోలికి వెళ్లకండి.

ఎంత ప్రయత్నించినా అంచు కూర్చోకపోతే ట్యూబ్ వేసేయడమే నయం. సైజు టైరు పక్కన రాసి ఉంటుంది. ఉదాహరణకు 4.80/4.00-8 అని ఉంటే చివరి 8 రిమ్ వ్యాసం, అంగుళాల్లో.

ట్యూబ్ మాటిమాటికీ పంక్చర్ అవుతోంది

ట్యూబ్‌కు గాలి పట్టి నీళ్లలో ముంచితే రంధ్రం తెలిసిపోతుంది. అది ఎక్కడుందో చూస్తే కారణం కూడా బయటపడుతుంది. బయటి వైపు ఉంటే ముల్లో, మేకో. ట్యూబ్‌ను టైరుతో సరిపెట్టి చూసి, ఆ చోట టైరు లోపల గుడ్డతో తడమండి, ఇరుక్కున్న ముల్లు ఉంటే గుడ్డకు తగులుతుంది. వేలితో తడమకండి. లోపలి వైపు రంధ్రం ఉంటే తప్పు రిమ్‌ది. పక్కపక్కనే రెండు కోతలుంటే గాలి తక్కువైన టైరు రాయికీ రిమ్‌కూ మధ్య నలిగింది, లేదా బిగించేటప్పుడు టైరు ఎక్కించే లివర్ కింద ట్యూబ్ పడింది. వాల్వ్ మొదట్లో చిరిగితే, గాలి తక్కువగా ఉండి టైరు రిమ్ మీద జారి వాల్వ్‌ను లాగేసిందని అర్థం. అక్కడ ప్యాచ్ నిలవదు, కొత్త ట్యూబే కొనండి.

ప్యాచ్ వేసే చోట రుద్ది, సొల్యూషన్ (ప్యాచ్ జిగురు) పలుచగా పూసి, తడి ఆరి జిగురుగా అయ్యేదాకా ఆగి అతికించండి. తొందరపడి తడి మీదే అతికిస్తే ఊడి వస్తుంది.

జాగ్రత్త

కొన్ని బండ్ల రిమ్ రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలిపి ఉంటుంది. గాలి పూర్తిగా తీయకుండా ఆ బోల్టులు విప్పకండి, ముక్కలు ఎగిరి ముఖానికి తగలొచ్చు. గాలి నింపేటప్పుడు టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె దాటకూడదు. చాలా వీల్‌బారో టైర్లకు అది 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఉంటుంది. ఇంత చిన్న టైరు కంప్రెసర్‌తో క్షణాల్లో నిండిపోతుంది, కాబట్టి కొంచెం కొట్టడం, గేజ్ పెట్టి చూడడం, మళ్లీ కొట్టడం.

ద్రవం పోయాలా, గట్టి టైరు కొనాలా?

టైరులో పోసే సీలెంట్ చిన్న ముళ్ల రంధ్రాలకు పనికొస్తుంది. వాల్వ్ చిరుగుకూ, తుప్పు అంచుకూ దాని మీద ఆశ పెట్టుకోకండి. పైగా తర్వాత ప్యాచ్ వేయాలంటే ఆ జిడ్డంతా కడగాలి. టైరు పక్కల పగుళ్లు లోతుగా ఉండి దారాలు కనిపిస్తుంటే ఏ మందూ పనిచేయదు, మార్చాల్సిందే.

ముళ్లూ పెంకులూ ఉన్న నేల మీద రోజూ తిరిగే బండికి గాలి అక్కర్లేని గట్టి టైరు మేలని నా అభిప్రాయం. బరువెక్కువ, కుదుపూ ఎక్కువే, కానీ పని ఆగదు. కొనే ముందు ఇరుసు మందం, చక్రం మధ్య గొట్టం పొడవు రెండూ కొలవండి. టైరు సైజు కలిసినా ఇవి కలవక వెనక్కి ఇచ్చేవాళ్లున్నారు.