వేవిళ్లు ముదరకముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

మా అమ్మ అనంతపురం నుంచి ఒక సంచి బొరుగులు, ఒక సీసా నిమ్మకాయ ఊరగాయ పట్టుకుని బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో దిగింది. నాకప్పటికి ఏడో వారం. "వేవిళ్లే కదమ్మా, ఎవరికి రావు?" అంది. ఐదో రోజుకి మంచినీళ్లు తాగినా కక్కేస్తున్నాను. డక్ట్‌లోంచి కింది ఇంటి పోపు వాసన వస్తే చాలు, బాత్రూమ్‌కి పరుగు. అప్పుడు అమ్మే అంది, "ఇది ఉత్త వేవిళ్లు కాదే, పద ఆస్పత్రికి."

ఈ జబ్బు పేరు హైపరెమిసిస్. మామూలుగా 4–6 వారాల మధ్య మొదలై 9వ వారం దగ్గర ముదురుతుంది. చాలామందికి 16–20 వారాలకు తగ్గుతుంది, కొందరికి కాన్పుదాకా వదలదు. అంటే టెస్టులో రెండు గీతలు చూశాక సర్దుకోవడానికి చేతిలో ఉండేది ఒకటి రెండు వారాలే. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. వాళ్లు రెండో బిడ్డ అనుకున్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడాలి. వాంతులు మొదలవకముందే వికారం తగ్గించే డాక్సిలమిన్–బీ6 మాత్ర వేసుకుంటే తీవ్రత తగ్గొచ్చు. రెండోసారి నాకు అలాగే రాశారు. వాంతులు ఆగలేదు గానీ సెలైన్ పెట్టించుకుంది రెండుసార్లే. మొదటిసారి ఎన్నో లెక్క కూడా లేదు.

ముందుగా ఒక డిజిటల్ కాటా కొనండి. నెల తప్పక ముందు బరువు ఎంతో ఫ్రిజ్ మీద రాసి అంటించండి. అందులో 5 శాతం పోతే, అంటే 60 కేజీల మనిషి 57కి దిగితే, ఇక ఇంటి చిట్కాలతో కాలక్షేపం చేయకూడదు. "ఇంకో రెండ్రోజులు చూద్దాం" అనే అత్తగారికి ఆ కాగితమే జవాబు.

రెండోది మూత్రం. బెంగళూరు చల్లగా ఉంటుంది కాబట్టి ఒంట్లో నీళ్లు తగ్గుతున్నాయని తెలియదు. ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, ముదురు రంగులో వచ్చినా, ఒక రోజంతా ఏదీ కడుపులో నిలవకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా, వాంతిలో రక్తం కనిపించినా బయల్దేరాల్సిందే. జ్వరం, కడుపునొప్పి ఉంటే అది వేరే జబ్బు కూడా కావచ్చు.

ఎక్కడికి బయల్దేరాలి అన్నది ముందే తేల్చుకోండి. పేరున్న ఆస్పత్రి సిటీకి ఆ చివర ఉంటే, సాయంత్రం ఆరింటికి రింగ్ రోడ్డు మీద కారులో కవర్ పట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో నన్నడగండి. కాన్పు అక్కడే చేయించుకోండి, సెలైన్‌కి మాత్రం పది నిమిషాల దూరంలో ఒకటి చూసి పెట్టుకోండి. పొద్దున పెట్టి సాయంత్రం ఇంటికి పంపుతారా అని ఫోన్ చేసి అడగండి. భాష టెన్షన్ అక్కర్లేదు, వాంతిని కన్నడలోనూ వాంతే అంటారు.

ఇక మనవాళ్ల అలవాటు ఒకటుంది. నీరసం అనగానే "ఒక గ్లూకోజ్ ఎక్కించండి డాక్టర్" అంటాం. రోజుల తరబడి వాంతులైన మనిషికి బీ1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. "థయమిన్ ఇచ్చారా?" అని అడగడానికి మొహమాటపడొద్దు. ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటలో తికమక ఉంటే వెంటనే చెప్పాలి.

ఐరన్ మాత్ర వికారం పెంచుతుంటే కొన్నాళ్లు ఆపవచ్చా అని అడగండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఆపకండి.

"మనసు గట్టి చేసుకో" అనేవాళ్లకు ఒక మాట. 2023 డిసెంబరులో కేంబ్రిడ్జ్‌కి చెందిన స్టీఫెన్ ఓరాహిలీ, అమెరికాలోని మార్లీనా ఫెజో, వాళ్ల తోటి శాస్త్రవేత్తలు దీని మూలం జీడీఎఫ్15 అనే హార్మోన్‌లో ఉందని చూపించారు. అది ఎక్కువగా కడుపులో బిడ్డ వైపు నుంచే వస్తుంది. గర్భానికి ముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్లకు, ఒక్కసారిగా పెరిగితే తట్టుకోవడం కష్టం. ఫెజో స్వయంగా ఈ బాధ పడిన మనిషి.

మరి బిడ్డ సంగతి? 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. గర్భం తొలి నెలల్లో తల్లి పస్తులున్న పిల్లలు పుట్టినప్పుడు బరువు మామూలుగానే ఉన్నారు. పెద్దయ్యాక గుండెజబ్బు, ఊబకాయం మిగతావాళ్లకన్నా ఎక్కువ కనిపించాయి. కరువూ వాంతులూ ఒకటి కాదు, నిజమే. కానీ 2013లో ఆక్లాండ్ పరిశోధకులు తీవ్రమైన వాంతులు పడిన తల్లుల పిల్లల్ని పరీక్షిస్తే, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ పనితనం ఐదో వంతు తక్కువగా ఉంది. చూసింది కొద్దిమంది పిల్లల్నే, వాళ్లకు షుగర్ ఉందనీ కాదు. నేను దీన్ని తీసుకున్నది ఒక్క అర్థంలోనే: ఆకలితో గడిచే రోజుల్ని వీలైనంత తగ్గించాలి, అంటే వైద్యం త్వరగా మొదలుపెట్టాలి.

వాంతులు తగ్గాక వచ్చే పొరపాటు ఇంకోటి. పోయిన బరువంతా ఒక్కసారిగా తెచ్చుకోమని సున్నుండలు, బెల్లం, నెయ్యి మొదలవుతాయి. మెల్లగా తినండి. 24–28 వారాల షుగర్ పరీక్ష వదలొద్దు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగాలి, వికారం ఉన్నవాళ్లకు అదో పరీక్ష. అరగంటలోపు కక్కేస్తే మర్నాడు మళ్లీ చేస్తారు. ఆ సంగతి ల్యాబ్‌లో దాచకండి.

బిడ్డ పుట్టాక ఆరు నెలలు తల్లిపాలే. సన్నగా ఉందని చక్కెర కలిపిన పొడులు పట్టించి బొద్దుగా చేయాలని చూడొద్దు. ఈ విషయంలో అమ్మకీ నాకూ వారం మాటల్లేవు. మా పెద్దదానికి ఇప్పుడు ఆరేళ్లు, ఏడాదికోసారి ఎత్తు, బరువు రాయిస్తాం. పిల్లల డాక్టర్ ఫైల్లో మొదటి పేజీలోనే, తల్లికి గర్భంలో తీవ్రమైన వాంతులు, తొమ్మిది శాతం బరువు తగ్గింది అని రాయించాను.