మర్చిసన్ ఫాల్స్‌కు బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఉగాండాలోని మర్చిసన్ ఫాల్స్ నేషనల్ పార్కుకు వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకుని, ఆ ధ్రువపత్రాన్ని పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోవాలి; తిరిగి భారత్‌లో దిగేటప్పుడూ అది అవసరం. మలేరియా మాత్రల గురించి వైద్యుణ్ణి ముందే అడగాలి. సెట్సీ ఈగలు ముదురు నీలం, నలుపు రంగులకు ఆకర్షితమై పలుచని బట్టల మీదుగానే కుడతాయి కనుక లేత రంగు మందపాటి దుస్తులు మేలు.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త నది దగ్గరే కావాలి. సుమారు 7 మీటర్ల రాతి సందులోంచి నైలు నది 43 మీటర్ల కిందికి దూకే చోట బండలు తుంపరలతో తడిసి జారుతుంటాయి కాబట్టి, పట్టున్న బూట్లు వేసుకోవాలి, ఫొటో కోసం కంచె దాటకూడదు, పిల్లల చేయి క్షణమైనా వదలకూడదు. పడవలోంచి నీటిలో చేతులు పెట్టవద్దు. ఇక్కడ మొసళ్లు ఎక్కువ. నీటిగుర్రాలు రాత్రిళ్లు మేతకు గట్టెక్కుతాయి కనుక, చీకటి పడ్డాక కాపలాదారు తోడు లేకుండా బస దాటి బయటికి వెళ్లరాదు.