అడవిలో థ్రష్ పిట్టను చూడబోయే ముందు జాగ్రత్తలు

అరకు దారిలోని అనంతగిరి, టైడా వైపు నారింజ తల థ్రష్ కోసం వెళ్లేవారు బయలుదేరే ముందే ఇవి సరిచూసుకోండి.

☐ బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) అయితే మేలు. చెట్ల కింద వెలుతురు తక్కువ, చిన్న అద్దాల్లో పిట్ట నల్లటి ముద్దలా కనిపిస్తుంది. ఏసీ కారులోంచి తీయగానే అద్దాలకు ఆవిరి పడుతుంది, పది నిమిషాల ముందే బయట పెట్టండి.

☐ ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు. గరగరలాడే రెయిన్‌కోటు వద్దు.

☐ ఫోను సైలెంట్‌లో, కెమెరా ఫ్లాష్ ఆఫ్.

☐ తెల్లవారకముందే చేరండి. ఈలపాటలాంటి కూత వినిపిస్తే అది మలబార్ విజిలింగ్ థ్రష్ కావచ్చు. అది వాగుల దగ్గరి పిట్ట, వెతికే చోటు వేరు.

☐ నడవకండి, కూర్చోండి. అసలు కిటుకు ఇదే. రాలిన ఆకులు తడిగా ఉన్న నీడచోటు చూసుకుని, పదిహేను మీటర్ల దూరంలో అరగంట కదలకుండా ఉండాలి. ముందు ఆకుల చప్పుడు వినిపిస్తుంది: నారింజ తల థ్రష్ ముక్కుతో ఆకును పక్కకు విసిరి, రెండు గెంతులు వేసి, బొమ్మలా ఆగిపోతుంది. తెల్లటి చెంప మీద రెండు నల్లటి నిలువు చారలు అప్పుడే చూడాలి. మీరు కదిలారా, పొదలోకి దూరిపోతుంది.

☐ రికార్డు చేసిన కూత వినిపించి పిలవకండి, మరీ ముఖ్యంగా వానాకాలంలో. అది గూడు కట్టే కాలం. వేరే మగపిట్ట వచ్చిందనుకుని గూటి పని వదిలేసి వెతుకుతూ తిరుగుతుంది. గూడు కనబడితే ఫొటో తీయకుండా వెనక్కి వచ్చేయండి.

☐ కూర్చునే ముందు కర్రతో ఆకులు కదిపి చూడండి, పాములుంటాయి.