విదేశంలో కొన్న గేమ్ కన్సోల్ విశాఖ ఇంట్లో మొరాయిస్తే

అమెరికా అల్లుడో దుబాయ్ బావో తెచ్చిన కన్సోల్ ఇంట్లో పనిచేయకపోతే అందరూ ముందు అనుమానించేది మెషీన్‌నే. చాలాసార్లు దాని లోపల చెడిందేమీ ఉండదు. లేబుల్ మీద వోల్టేజీ, గోడ సాకెట్, అకౌంట్‌ ఏ దేశానిది, డిస్క్ అట్ట మీద ముద్ర, ఈ నాలుగూ చూడకుండా మూత విప్పించకండి. ముఖ్యంగా పీఎస్5ని (సోనీ ప్లేస్టేషన్ 5). అందులో ప్రాసెసర్ మీద మామూలు పేస్టు కాకుండా ద్రవ లోహం ఉంటుంది. అలవాటు లేని చేయి పడితే అది బోర్డు మీదకు కారి, లేని జబ్బు తెచ్చిపెడుతుంది.

పవర్ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు

ముందు లేబుల్ చదవండి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120, జపాన్‌లో 100. కన్సోల్ వెనకో అడుగునో, విడిగా అడాప్టర్ ఉంటే దాని మీదో "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే ఇక్కడ నేరుగా పెట్టుకోవచ్చు. నింటెండో స్విచ్ అడాప్టర్ ఇలాంటిదే. ఇప్పటి పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మోడళ్లు కూడా మామూలుగా ఇలాగే వస్తాయి. అయినా అలవాటు కొద్దీ లేబుల్ చూసుకోవడమే మంచిది.

ప్రమాదం పాతవాటితో. అమెరికాలో అమ్మిన నింటెండో వీ (Wii) అడాప్టర్, ఎక్స్‌బాక్స్ 360 ఇటుక సైజు అడాప్టర్ అక్కడి తక్కువ వోల్టేజీకే చేసినవి. 230 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర సుమారు 325 వోల్టులకు చేరుతుంది. 120 కోసం చేసిన సప్లైలో మొదటి కెపాసిటర్ మామూలుగా 200 వోల్టులదే. స్విచ్ వేయగానే టప్ మని శబ్దం, కాలిన వాసన వచ్చాయంటే జరిగింది ఇదే. ఊరట ఏమిటంటే, చాలాసార్లు పోయేది అడాప్టరే, కన్సోల్ బతికే ఉంటుంది. అదే మోడల్‌కి సరిపోయే 220-240 వోల్టుల అడాప్టర్ తెచ్చి పెట్టండి. వీకి అవుట్‌పుట్ 12 వోల్టులు, 3.7 ఆంపియర్లు. ఎక్స్‌బాక్స్ 360కి మోడల్‌ని బట్టి వాట్లూ, ప్లగ్ ఆకారమూ మారతాయి కాబట్టి పాతది చేతిలో పట్టుకుని షాపుకి వెళ్లండి.

లేబుల్ సరిగ్గానే ఉందా? అయితే పిన్ను చూడండి. అమెరికా చపటా పిన్ను, దుబాయ్-సింగపూర్ల లావు మూడు పిన్నులూ మన సాకెట్‌లో సరిగ్గా దిగవు. మధ్యలో పెట్టే చవక మల్టీప్లగ్ ఊగుతుంది, లోపల చిటపటమంటుంది, మెషీన్ వస్తూ పోతూ ఉంటుంది. పీఎస్5కీ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌, ఎక్స్‌లకూ వెనక ఉండేది ఇంగ్లిష్ ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న రెండు రంధ్రాల సాకెట్, పాత టేప్‌రికార్డర్లకు ఉండేదే. డాబాగార్డెన్స్‌లోనో పూర్ణా మార్కెట్ దగ్గరో ఎలక్ట్రికల్ షాపులో "టేప్‌రికార్డర్ వైరు" అని అడగండి. మన గుండ్రటి పిన్నుతో, ఐఎస్ఐ గుర్తుతో, 2.5 ఆంపియర్లని రాసి ఉన్నది తీసుకోండి. జుట్టు మందాన ఉండే రేడియో వైరు మాత్రం వద్దు. కొత్త వైరు వచ్చాక మల్టీప్లగ్‌తో పని లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక ఆట మధ్యలో ఆగిపోతోంది

"అమెరికా సామాను కదా, స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టాలి" అని ఎవరో చెప్తారు. 200 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఇంటికొస్తుంది. మెనూలో అంతా బాగానే ఉంటుంది. బరువైన గేమ్ మొదలై పీఎస్5 200 వాట్ల దరిదాపుల్లో లాగేసరికి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, వోల్టేజీ కుంగి కన్సోల్ ఆగిపోతుంది. లేబుల్ మీద 100-240 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ తీసేయడమే మందు. 120 మాత్రమే ఉన్న పాత మెషీన్‌కి అడాప్టర్ దొరకకపోతేనే అది అవసరం. అప్పుడు మెషీన్ వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉన్నది తీసుకోండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే అరచేతి సైజు ట్రావెల్ కన్వర్టర్‌ని ఎలక్ట్రానిక్స్‌కి అసలు పెట్టకండి. అది వోల్టేజీని తగ్గించే తీరే వేరు, సప్లై కాలిపోతుంది.

ఇన్వర్టర్ మీద ఆడుతున్నప్పుడు అడాప్టర్ జుమ్మంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్ ఉంటేనే ఆడండి. గాలివానకు లైను పోయి వస్తూ ఉన్న పూట సాకెట్ స్విచ్ ఆపేయండి.

ముట్టుకుంటే చిమచిమ, తర్వాత హెచ్‌డీఎంఐ పోర్టు పోయింది

రెండు పిన్నుల కన్సోల్‌కి ఎర్త్ ఉండదు. సప్లైలోంచి వచ్చే కొద్దిపాటి లీకేజీ హెచ్‌డీఎంఐ తీగ తొడుగు మీదకు చేరుతుంది. మామూలుగా టీవీ మూడో పిన్ను ద్వారా అది ఎర్త్‌కి పోవాలి. ఇంట్లో ఎర్త్ గుంత ఎండిపోయినా, టీవీకి కూడా రెండు పిన్నులే ఉన్నా పోయే దారి లేదు. దానికి తోడు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరు పక్కింటి లీకేజీని కూడా మోసుకొస్తుంది. అన్నీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పెట్టబోతే చిన్న నిప్పురవ్వ. పోర్టు వెనక ఉన్న చిప్పుకి అది చాలు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగు చేయించాలి. ఈలోగా ఒక అలవాటు చేసుకోండి. హెచ్‌డీఎంఐ పెట్టేముందు, తీసేముందు కన్సోల్, టీవీ, సెట్‌టాప్ బాక్స్ మూడింటి స్విచ్‌లూ ఆపండి, కేబుల్ వైరు కూడా విప్పండి.

లైటు వెలుగుతోంది, టీవీలో బొమ్మ రాదు

అక్కడి 4కే టీవీకి పెట్టిన సెట్టింగు ఇక్కడి పాత టీవీకి నచ్చకపోవచ్చు. పీఎస్5ని పూర్తిగా ఆపండి. పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. ఒక బీప్ వస్తుంది, వదలకండి. ఏడు సెకన్లకు రెండో బీప్ వచ్చాక వదలండి. కంట్రోలర్‌ని యూఎస్‌బీ తీగతోనే కలిపి, సేఫ్ మోడ్ జాబితాలో వీడియో అవుట్‌పుట్ మార్చే వరుస ఎంచుకోండి. అక్కడే ఉండే "రీసెట్" వరుసల జోలికి పోకండి, ఉన్నదంతా తుడిచిపెట్టేస్తాయి.

స్టోర్‌లో మన కార్డు తీసుకోవట్లేదు

అమెరికాలో ఉన్న అన్నయ్య తన పేరుతో అకౌంట్ తెరిచి ఇచ్చి ఉంటాడు. ప్లేస్టేషన్ అకౌంట్‌కి దేశం ఒకసారి పెడితే మారదు. అమెరికా అకౌంట్‌కి అమెరికా కార్డో, డాలర్ గిఫ్ట్ కార్డో కావాలి. రూపాయల గిఫ్ట్ కార్డు కూడా పనిచేయదు. కన్సోల్‌కి మాత్రం మామూలుగా దేశంతో పేచీ లేదు. అందులోనే మీ పేరుతో భారత్ అకౌంట్ కొత్తగా తెరుచుకోండి. అన్నయ్య అకౌంట్‌ని తీసేయకండి. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ అకౌంట్స్, అదర్, కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అన్న వరుసకు అన్నయ్య అకౌంట్‌తో వెళ్లి ఆన్ చేస్తే, ఆయన కొన్న గేములు మీ అకౌంట్‌లోనూ ఆడతాయి. ఒక అకౌంట్‌కి ఒక్క పీఎస్5 మీదే ఈ సదుపాయం. ఆయన అక్కడ తన మెషీన్‌లో ఆన్ చేసుకుంటే ఇక్కడ తాళం పడుతుంది. "నిన్నటిదాకా ఆడింది, ఇవాళ తాళం గుర్తు వస్తోంది" అంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం.

ఎక్స్‌బాక్స్‌లో దేశం మార్చుకోవచ్చు, కానీ మూడు నెలలకు ఒకసారే. పాత దేశం బ్యాలెన్స్ కొత్తదానికి రాదు, ముందే ఖర్చుపెట్టేయండి. నింటెండోకి భారత్‌లో ఈషాప్ (దాని ఆన్‌లైన్ దుకాణం) లేదు. అకౌంట్‌ని ఈషాప్ ఉన్న దేశానికి పెట్టుకుని, ఆ దేశం గిఫ్ట్ కార్డులు వాడుకోవాలి.

డిస్క్ ఆడుతోంది, డబ్బు పెట్టి కొన్న అదనపు భాగం మాత్రం కనిపించదు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పీఎస్5 గేమ్ డిస్క్ ఏ దేశానిదైనా ఏ పీఎస్5లోనైనా ఆడుతుంది. సీజన్ పాస్ (గేమ్ అదనపు భాగాలను కలిపి ముందే కొనే టికెట్), అదనపు పాత్రలు, గేమ్‌లో వాడే నాణేలు మాత్రం డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతం స్టోర్‌లోనే కొనాలి. అట్ట చూస్తే తెలిసిపోతుంది. ముందు వైపు మూలన నలుపు తెలుపు గడిలో ఈ, టీ, ఎమ్ లాంటి ఇంగ్లిష్ అక్షరం ఉంటే అమెరికా డిస్క్. 3, 7, 12, 16, 18లలో ఏదో ఒక అంకె ఉంటే యూరప్ డిస్క్. మన షాపుల్లో అమ్మేవి ఎక్కువగా ఇవే, భారత్ స్టోర్‌లో కొన్న అదనపు భాగాలు మామూలుగా వీటితోనే కలుస్తాయి. రంగు పట్టీ మీద ఏ, బీ, సీ, డీ, జెడ్‌లలో ఒకటి ఉంటే జపాన్‌ది.

అమెరికా డిస్క్ మీద భారత్ స్టోర్‌లో సీజన్ పాస్ ఇప్పటికే కొనేశారా? రీఫండ్ అడిగి చూడండి. దింపుకుని ఉంటే ఆశ తక్కువ. రెండో దారి, అమెరికా అకౌంట్‌తో మళ్లీ కొని పైన చెప్పిన షేరింగ్ ఆన్ చేయడం. రెండుసార్లు కట్టేకంటే ఆ అమెరికా డిస్క్ అమ్మేసి ఇక్కడి డిస్క్ తీసుకోవడం చాలాసార్లు చవక.

సినిమా డిస్కుల లెక్క వేరు. బ్లూరేకి అమెరికా, జపాన్‌లది ఏ ప్రాంతం, యూరప్, గల్ఫ్‌లది బీ, మనది సీ. గేములు ఆడే మెషీన్ సినిమా డిస్క్ వద్దంటే చెడిపోయిందనుకోకండి. 4కే బ్లూరేలకు ఈ కట్టుబాటు లేదు.

మెనూ మొత్తం జపనీస్‌లోనే ఉంది

2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2ని జపాన్‌లో రెండు రకాలుగా అమ్మారు. 49,980 యెన్లది జపనీస్ భాషకే, జపాన్ అకౌంట్లకే. అన్ని భాషలదీ 69,980 యెన్లు. ధర చూసి మొదటిది తెస్తే ఇక్కడ చేయగలిగింది లేదు, ఏ సెట్టింగూ దాన్ని మార్చదు. అదే ఏడాది నవంబర్‌లో సోనీ కూడా 55,000 యెన్లకు జపనీస్ మాత్రమే ఉన్న పీఎస్5 డిజిటల్ ఎడిషన్ తెచ్చింది. టోక్యో నుంచి ఎవరైనా "ఇక్కడ చాలా చవక" అని ఫోన్ చేస్తే ముందు అడగాల్సింది భాష గురించే.

ఇంటి వైఫై పేరు కనిపించదు, కనిపించినా స్నేహితులతో ఆట కలవదు

రౌటర్ 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 చానెళ్ల మీద ఉంటే అమెరికా పరికరాలకు కనిపించకపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌లో 149, ఆపై చానెళ్లు జపాన్‌లో వాడరు కాబట్టి అక్కడి మెషీన్లకూ అదే చిక్కు. రౌటర్ పేజీలో "ఆటో" తీసేసి 2.4కి 1, 6, 11లలో ఒకటి, 5కి 36 గానీ 44 గానీ పెట్టండి. నెట్ బాగానే ఉండి కన్సోల్ నెట్‌వర్క్ పరీక్షలో "న్యాట్ టైప్ 3" అని (బయటి ఆటగాళ్లతో కలవడానికి అడ్డు ఉందని) వస్తుంటే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఐపీ అడ్రస్‌ని చాలా ఇళ్లకు పంచుతూ ఉండొచ్చు. అలా అయితే రౌటర్‌లో ఎన్ని మార్చినా లాభం లేదు, పబ్లిక్ స్టాటిక్ ఐపీ అడిగి తీసుకోండి.

ఫ్యాన్ హోరు, పోర్టుల్లో పచ్చటి చిలుము

పీఎస్5 పనిచేయడానికి సోనీ చెప్పిన వేడి 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో ఏసీ లేని గది ఆ అంచుకు వచ్చేస్తుంది. గోడకు కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉంచండి, అద్దాల టీవీ అరలో పెట్టకండి. పక్క మూత లాగితే దుమ్ము పట్టే రెండు రంధ్రాలు కనిపిస్తాయి. మూడు నెలలకోసారి ప్లగ్ తీసి, వాక్యూమ్‌తో తక్కువ వేగంలో లాగండి.

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు కిటికీలు తీసి ఉంచే ఇళ్లలో ఉప్పు గాలి యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ మొనలను తినేస్తుంది. వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి. ఏసీ గదిలో చల్లబడ్డ కన్సోల్‌ని వెంటనే హాల్లోకి తెచ్చి ఆన్ చేయకండి, లోపల చెమ్మ కడుతుంది. గంట ఆగండి.

ఇంకా కొనలేదంటే

విదేశంలో కొన్నదానికి వారంటీ మామూలుగా ఆ దేశంలోనే. నింటెండో అయితే మన దగ్గర అధికారికంగా అమ్మకమే లేదు. అందుకే తెచ్చేవాళ్లకి ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

"బావా, డిస్క్ పెట్టుకునే మోడలే తీసుకో, ఇక్కడ పాత డిస్కులు మార్చుకోవచ్చు. లేబుల్ ఫొటో పంపు. కొన్నవెంటనే అక్కడే విప్పి అప్‌డేట్ చేసి, రెండు మూడు గంటలు ఆడి చూడు, డిస్క్ కూడా పెట్టి చూడు. తేడా ఉంటే రిటర్న్ గడువులోనే మార్చేయ్. బిల్లు పారేయకు. కంట్రోలర్లు, నింటెండో స్విచ్ అయితే అదీ చేతి సంచిలో పెట్టు, బ్యాటరీలుంటాయి."

బిల్లు కస్టమ్స్‌లోనూ అడుగుతారు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో డ్యూటీ లేకుండా తెచ్చుకునే విలువ మనిషికి 50,000 రూపాయలు ఉండేది, 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనల్లో అది 75,000 అయింది. ఈ పరిమితులు మారుతుంటాయి కాబట్టి టికెట్ తీసేటప్పుడే కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. భార్యాభర్తల పరిమితులు కలిపి ఒక వస్తువుకి వాడుకోవడం కుదరదు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి విశాఖ విమానం మారేవాళ్లకి కస్టమ్స్ మామూలుగా అక్కడే అవుతుంది, ఆ సమయం కూడా లెక్కేసుకుని కనెక్షన్ తీసుకోమని చెప్పండి.